వేటనల్లుల గది మూయవద్దని, తప్పు లెక్క నాదని

తోటల శాఖ అధికారి గారి సముఖమునకు,

కీరదోస రైతుల సంఘంలో ఆకులు లెక్కపెట్టు పనివాడు, వయసు డెబ్బై నాలుగు, తన చేత్తో రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: సంఘం ప్యాకింగ్ షెడ్డు వెనకనున్న వేటనల్లుల పెంపకపు గదిని ఈ నెల ముప్పయ్యో తేదీన మూసివేసి, అందలి మొక్కలను పీకి తగలబెట్టి, అక్కడ పనిచేయు అమ్మాయిని తొలగించవలెనని తమరిచ్చిన ఉత్తర్వు రద్దు చేయుట గురించి, విచారణలో నేనిచ్చిన వాంగ్మూలం అబద్ధమగుట గురించి.

పై విషయమై తమకు సవినయముగా మనవి చేసుకొనునదేమనగా, ఈ పెద్దమాటలు సంఘం బీరువాలో ఉన్న ఒక పాత అర్జీలోంచి చూసి రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. రాసిపెడతానని సంఘం గుమస్తా ముందుకొచ్చాడు, నేనే వద్దన్నాను. అతను రాస్తే నా తప్పు పేరు మారి సాంకేతిక లోపం అయిపోతుంది. తమరు అక్షరాలు చూడక సంగతి చూడవలెను.

1. నేను ఈ సంఘంలో పంతొమ్మిదేళ్ళుగా ఆకులు లెక్కపెడుతున్నాను. ఇదీ ఒక పనేనా అని తమరు అనుకోవచ్చు. మా ఆవిడ పంతొమ్మిదేళ్ళుగా అదే అనుకుంటోంది. సంఘానికి పదకొండు ప్లాస్టిక్ షెడ్లున్నాయి, అన్నిట్లోనూ కీరదోసే. కీరదోసకి ఆకునల్లి పడుతుంది. ఆవగింజని పది ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత ఉంటుంది. ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది. ఆకు పాలిపోయి, సాలెగూడు పట్టినట్టయి, ఎండి రాలిపోతుంది. ప్రతి మంగళవారం నేను ఒక్కో షెడ్డులో పది ఆకులు తిప్పి భూతద్దంతో చూసి, ఎన్ని పురుగులున్నాయో చీటీ మీద వేసి సంఘం గదిలో బోర్డుకి గుచ్చుతాను. పది ఆకుల మీద పదికి లోపుంటే ఊరుకుంటారు. పది దాటితే మందు కొడతారు. నా చీటీ పడ్డాక ఇంకెవరూ ఆకు తిప్పి చూడరు, అధ్యక్షుడైనా సరే. "పెద్దాయన వేశాడంటే శిలాశాసనమే" అనేవారు. ఆ మాట నా నెత్తికెక్కింది. దీన్ని నా మొదటి తప్పుగా రాసుకోవలెను.

2. రెండేళ్ళ కిందట ఆకునల్లి మందులకి లొంగడం మానేసింది. ఎంత కొడితే అంత పెరిగింది. అప్పుడు తమ శాఖవారే ఆ అమ్మాయిని పంపారు. ఆమెకి పేరు వేరే ఉంది గానీ సంఘంలో అందరూ నల్లుల పిల్ల అంటారు, పిలిస్తే పలుకుతుంది. ప్యాకింగ్ షెడ్డు వెనక గోనెసంచులు పడేసే గది ఆమెకిచ్చారు. తనే కడిగి సున్నం వేసుకుంది. అందులో ట్రేలలో చిక్కుడు మొక్కలు పెంచుతుంది. ఆ చిక్కుడాకుల మీద ఆకునల్లిని పెంచుతుంది. ఆకునల్లిని తిని బతికే ఇంకో జాతి నల్లి ఉంది, వేటనల్లి. దాన్ని వీటి మీద పెంచుతుంది. ఆ వేటనల్లుల్ని తవుడులో కలిపి సీసాల్లో పోసి ఇస్తే, మనం కూరలో ఉప్పు చల్లినట్టు షెడ్డులో ఆకుల మీద చల్లుకోవాలి.

ఆమె వచ్చిన కొత్తలో నేను వెటకారం చేశాను.

"ఏమే పిల్లా, ఇంట్లో దొంగలు పడ్డారంటే, ఇంకో పదిమంది దొంగల్ని తెచ్చి తలుపు తీస్తావా?"

"దొంగలు కాదు తాతా, పిల్లులు. ఎలుకలున్న ఇంట్లో పిల్లుల్ని వదులుతున్నా."

"ఎలుకలు అయిపోయాక పిల్లి పాలగిన్నెలో మూతి పెట్టదా?"

"ఇవి పాలు తాగే పిల్లులు కావు. ఎలుక దొరక్కపోతే పస్తుండి చస్తాయి గానీ ఆకు ముట్టవు. నీకన్నా మొండివి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె మీద నాకు ఏనాడూ పగ లేదని తమరు గ్రహించవలెను. పగ ఉండి చేసిన తప్పయితే ఒప్పుకోవడం ఇంకాస్త తేలికయ్యేది.

3. ఈసారి పంటకి పదకొండు షెడ్లలోనూ వేటనల్లుల్ని వదిలాం. ఆమె పెట్టిన షరతులు రెండే. వదిలాక నాలుగు వారాలు మందు కొట్టకూడదు, కొడితే ముందు చచ్చేవి అవే. రెండోది, నా చీటీలో ఇకనుంచి రెండు గళ్ళుండాలి: ఒకదాన్లో ఆకునల్లి లెక్క, ఒకదాన్లో వేటనల్లి లెక్క. గుర్తు కూడా చెప్పింది. ఆకునల్లి పచ్చగా, వీపు మీద రెండు నల్లచుక్కలతో, కూర్చున్నచోట కూర్చునే ఉంటుంది. వేటనల్లి నారింజరంగులో నున్నగా ఉండి, తరిమినట్టు పరుగెడుతుంది.

"నీకు చెప్పేదేముందిలే తాతా, చూడగానే పట్టేస్తావ్" అంది.

ఇక్కడ రాయవలసిన వాక్యం రెండుసార్లు రాసి కొట్టేశాను. తమరికి ఆ కొట్టివేతలు కనపడుతూనే ఉంటాయి. మూడోసారి రాస్తున్నాను. నాకు అప్పటికే కళ్ళు కనపడవు.

4. ఎడమ కంటికి పొర కమ్మి రెండేళ్ళయింది. కుడికన్ను ఈ ఏడు మొదలుపెట్టింది. భూతద్దం పెట్టి చూస్తే ఆకంతా పచ్చటి పొగ. ఇంట్లో ఒకరోజు దండెం మీద ఆరేసిన దుప్పటిని పక్కకి జరగమన్నాను. "అది జరగదు, దానికీ మీ పోలికే" అంది మా ఆవిడ. డాక్టరు దగ్గరికి పదమంది. ఆకులు లెక్కపెట్టేవాడు కళ్ళజోడు పెట్టుకుని షెడ్డులోకి వెళితే ఎవడు నమ్ముతాడని కసిరాను.

మరి లెక్క ఎలా వేశావని తమరు అడగవచ్చు. దానికి ఒక ఉపాయం కనిపెట్టాను. తెల్లకాగితం మీద పది ఆకులూ దులిపి, బొటనవేలితో కాగితమంతా అదిమి రుద్దితే, రాలిన పురుగు నలిగి మరక పడుతుంది. పురుగు కనపడకపోయినా తెల్లదాని మీద మరక కనపడుతుంది కదా. ఆ మరకలు లెక్కపెట్టేవాణ్ణి. ఏ మరక ఏ పురుగుదో నాకేం తెలుసు? నాకన్నీ ఒకటే మచ్చ. వచ్చిన అంకెనంతా ఆకునల్లి గడిలో వేసి, వేటనల్లి గడిలో సున్నా చుట్టేవాణ్ణి. సున్నా చుట్టడానికి చూపక్కర్లేదు.

5. మొదటి షెడ్డులో మొదటి వారం ఏడు వచ్చింది. రెండో వారం పన్నెండు. మూడో వారం పదహారు. మిగతా షెడ్లూ ఇంచుమించు అంతే. రెండో వారమే రైతులు గొడవ పడ్డారు, నాలుగు వారాల మాట గుర్తుచేసి ఆమె ఆపింది. మూడో మంగళవారం చీటీలు పడగానే బోర్డు ముందు అందరూ పోగయ్యారు. ఆమె చేతులకి తవుడుతోనే పరుగెత్తుకొచ్చింది.

"తాతా, ఈ సున్నాలేంటి? నేను పొద్దున తిప్పిన ఆకుల్లో మనవే ఎక్కువున్నాయి."

"నువ్వు తిప్పిన ఆకులు నీకు ముద్దు. నా లెక్క నాది."

"కాదనట్లేదు. షెడ్డులో వెలుతురు బాగోలేదు ఇవాళ, మబ్బుగా ఉంది. నాలుగాకులు బయటికి తెచ్చి ఇద్దరం కలిసి చూద్దామా?"

అయ్యా, ఆ రోజు మబ్బు లేదు. ఎండ ఫెళ్ళున కాస్తోంది. అక్కడున్న రైతులకి అది తట్టలేదు గానీ నాకు తట్టింది. ఈ పిల్లకి నా కళ్ళ సంగతి తెలిసిపోయింది. తెలిసి, పదిమందిలో నా పరువు పోకుండా, తప్పుకోవడానికి దారి చూపిస్తోంది. నేను ఆ దారిన పోయి ఉంటే ఈ అర్జీ లేదు, ఆ ఉత్తర్వూ లేదు. నేను ఏమన్నానో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"పంతొమ్మిదేళ్ళ కన్ను నాది. బొడ్డూడని పిల్లవి, నాకు లెక్క నేర్పుతావా? నీ సీసాల్లో సత్తా లేక నా చీటీ మీద పడుతున్నావా?"

ఆమె చేతులకున్న తవుడు కొంగుకి తుడుచుకుని వెళ్ళిపోయింది.

6. మర్నాడూ ఆ మర్నాడూ పదకొండు షెడ్లలోనూ మందు కొట్టారు. వేటనల్లులన్నీ చచ్చాయి. ఆకునల్లి ఆ మందుకి ఎప్పుడో అలవాటుపడింది, దాని గుడ్లకయితే ఆ మందు లెక్కేలేదు. తినేవాడు పోయాడు, తిండి మిగిలింది, ఇంకేం కావాలి దానికి. పన్నెండు రోజుల్లో తీగలన్నీ గూళ్ళు కట్టాయి. షెడ్డులోకి వెళితే మొహానికి దారాలు అంటుకునేవి. అది మాత్రం కళ్ళు లేకపోయినా తెలిసింది. తీగలు పీకి కుప్పేసిన రోజు నాలుగో షెడ్డు రైతు ఆ కుప్ప పక్కనే కూలబడి, మధ్యాహ్నం దాకా లేవలేదు. నేను అతని పక్కన కూర్చుని ఓదార్చాను. నన్ను కడిగెయ్యవలసిన మనిషి నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు.

7. తరవాత తమ ఇన్‌స్పెక్టరు గారు విచారణకి వచ్చారు. బూట్లకి బురదవుతుందని షెడ్డు గుమ్మంలోనే నిలబడి అడిగారు. ఇది వారి మీద ఫిర్యాదు కాదు. లోపలికి వచ్చినా పీకేసిన నేల తప్ప ఏమీ కనపడేది కాదు.

ఆమె తన నోటుపుస్తకం చూపించింది. "మీ సరుక్కి మీరే సాక్ష్యమా అమ్మా?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

అందుకామె, "తాతని అడగండి సార్. ఆయనకి కోపం ఎక్కువే గానీ అబద్ధం ఆడరు" అంది.

ఆయన నావైపు తిరిగారు. "ఏం పెద్దాయనా? వేటనల్లి అనేది నువ్వొక్కటైనా చూశావా?"

"చూడలేదు" అన్నాను. అది నిజమే. నేను ఏదీ చూడలేదు.

"మరి ఆకునల్లి అంత ఎలా పెరిగింది?"

"ఆ సీసాల్లోంచే వచ్చి ఉంటుంది" అన్నాను.

సంతకం పెట్టమన్న చోట పెట్టాను. తెలియక లెక్క తప్పడం ఒకటి. కనపడలేదని తెలిసి, చూసినవాడిలా సాక్ష్యం చెప్పడం వేరొకటి. మొదటిదానికి ముసలితనం అని పేరు పెట్టి తమరు వదిలేయవచ్చు. రెండోదానికి నన్ను వదలవద్దు.

"సీసాల ద్వారా తెగులు వ్యాపింపజేసినందున" అని తమ ఉత్తర్వులో ఉన్న మాట నాది. గుమస్తా బోర్డు ముందు నిలబడి పైకి చదువుతుంటే విన్నాను. నా నోటి మాట అంత నీటుగా అచ్చులో వస్తుందనుకోలేదు.

8. ఇక నా లెక్క తప్పని నాకు ఎలా తెలిసిందంటే. ఆ మరకల కాగితాలు నేను పారెయ్యలేదు. ఇంట్లో చువ్వకి గుచ్చి ఉంచాను. పోయిన వారం మా ఆవిడ చువ్వ దులుపుతూ అంది, "ఇవేం మరకలండీ, కొన్ని పచ్చగా, కొన్ని పసుపూ ఎరుపూ కలిసినట్టు?"

"అన్నీ ఒకటే" అన్నాను.

"మీకు ఒకటే. నాకు రెండు."

కూర్చోబెట్టి లెక్కపెట్టించాను. మూడో వారం మొదటి షెడ్డు కాగితం మీద పదహారు మరకల్లో పచ్చవి మూడు. ఇంకో రంగువి పదమూడు.

కాగితాలు పట్టుకుని నల్లుల పిల్ల గదికి వెళ్ళాను. ఆమె సామాను సర్దుకుంటోంది. చెప్పులు విప్పి గుమ్మంలో నిలబడ్డాను.

"ఏమే, నల్లిని నలిపితే ఏ రంగు మరక పడుతుంది?"

"దాని ఒంట్లో ఏ రంగుంటే ఆ రంగు తాతా. ఆకు రసం తాగింది పచ్చగా పడుతుంది. వేటది నారింజగా పడుతుంది. ఎందుకు?"

కాగితాలు ఇచ్చాను. ఎలా వేశానో, ఎందుకు వేశానో చెప్పాను. నా జన్మలో అంత మెల్లగా మాట్లాడలేదు. ఆమె ఒక్కో కాగితం కిటికీ దగ్గర పెట్టి చూసింది. మూడో వారం కాగితాలు వచ్చేసరికి ఆమె మొహం, మసకగానే అయినా నాకు తెలిసింది, విచ్చుకుంది.

"పదమూడు! తాతా, చూడు, అన్ని షెడ్లలోనూ ఇంతే. గెలిచేశాయి! ఇంకొక్క వారం..."

అక్కడ ఆగిపోయింది. ఇంకొక్క వారం ఆగితే ఏమయ్యేదో ఆమె అనలేదు, నేనూ అడగలేదు. కాగితాలు వరసగా సర్ది నా చేతిలో పెట్టింది.

"ఇంక వెళ్ళు తాతా. చిక్కుళ్ళకి నీళ్ళు పట్టాలి."

తిట్టి ఉంటే బాగుండేది. తిడతుందేమోనని గేటు దాకా మెల్లగా నడిచాను.

9. ఈ సంగతి అధ్యక్షుడికి చెప్పాను. ఆయన తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు.

"పెద్దాయనా, అయిందేదో అయింది. చదువుకున్న పిల్ల, ఇంకోచోట పని చూసుకుంటుంది. నీకెందుకీ వయసులో?"

"తెగులు అంటించిందని కాగితం మీద పడ్డాక ఎవడిస్తాడయ్యా పని?"

"నీ చీటీ చూసి మందు కొట్టమన్నది నేను. నువ్వు నోరు విప్పితే రైతులు నీ ఇంటి మీదకే కాదు, నా ఇంటి మీదకీ వస్తారు."

"రానీ. ఇద్దరం కలిసే తిందాం తిట్లు."

"కళ్ళు పోయాయి సరే, బుద్ధి కూడా పోయిందా నీకు?" అన్నాడు. కళ్ళు పోయాకే వచ్చిందన్నాను. అప్పట్నుంచి మాకు మాటల్లేవు.

కావున నేను కోరుకొనునవి:

విచారణలో నేను చెప్పిన మాట అబద్ధమని రాసి, నా సంతకం కొట్టివేయవలెను. అలా కొట్టడానికి నియమం లేదని తమ ఆఫీసు గుమస్తా అన్నాడు. అబద్ధం రాయించుకోవడానికి ఉన్న నియమం నిజం రాయించుకోవడానికి లేకపోవడం ఏమిటో తమరే అడిగి తెలుసుకోవలెను.

ముప్పయ్యో తేదీన ఆ గది మూయరాదు. మొక్కలు పీకితే ఆకునల్లి పోతుంది, ఆకునల్లి పోతే దాన్ని తినే వేటనల్లి నాలుగు రోజుల్లో పోతుంది. రెండేళ్ళు పెంచిన సంతతి అది. తరవాత తమరు మనసు మార్చుకున్నా వాటిని ఉత్తర్వు మీద లేపలేరు.

ఆ అమ్మాయి పేరు మీద ఉన్న మాట తీసి, నా పేరు మీద వెయ్యవలెను. కొత్త ఉత్తర్వు పాతదాని మీదే అంటించవలెను, పక్కన కాదు. పైకి చదివే పని సంఘం గుమస్తాకి వద్దు. రైతులందర్నీ పిలిపించండి, నేనే చెబుతాను. నాలుగో షెడ్డు రైతుని ముందు వరసలో కూర్చోబెట్టవలెను.

ఆకుల లెక్క పని నా దగ్గర నుంచి తీసేయవలెను. ఎవరికివ్వాలో చెప్పే అర్హత నాకు లేదు, కళ్ళున్నవాళ్ళకి ఇవ్వండి.

మా ఆవిడ నన్ను డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్ళింది. ఎడమ కంటికి ఆపరేషన్ అన్నారు. కుడికంటికి సీసా అడుగంత మందాన అద్దం ఇచ్చారు. అది పెట్టుకునే ఇది రాశాను. మూడు రోజులు పట్టింది. రాసింది మా ఆవిడకి చదివి వినిపిస్తే, "ఇందులో మీరు ఎక్కడా క్షమించమని అడగలేదేం?" అంది. తమరిని అడగడానికి తమ పంటేమీ పోలేదు కదా. అడగవలసినవాళ్ళని వేరే అడుగుతాను. వాళ్ళు ఒప్పుకోరు. ఒప్పుకోవాలని లేదు కూడా.

ఇది నేను ఎవరి ప్రోద్బలంతోనూ రాసినది కాదు. ఇందులో ప్రతి మాటకూ నేనే పూచీ. మరొకసారి చదివి చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు, మునుపు ఎవరికీ విధేయుడు కానివాడు,
ఆకుల లెక్క మనిషి

జతపరచినవి: మరకల కాగితాలు ముప్పై మూడు. పదకొండు షెడ్లు, మూడు వారాలు. తడి తగలనివ్వరాదు.

తా.క. ఒక సంగతి అర్జీలో పెట్టలేదు. పాత అర్జీలో ఇటువంటిదానికి మాట దొరకలేదు. నిన్న ఆ గదిలోంచి ఒక చిక్కుడు ట్రే దొంగిలించాను, రెండు రకాల నల్లులతో సహా. అది మా వంటింటి కిటికీలో ఉంది. మోసుకొస్తుంటే తలుపు అడ్డమొచ్చింది, ఎవరో తీసి పట్టుకున్నారు. ఎవరో నాకు కనపడలేదు. నా కళ్ళ సంగతి తమరికి తెలిసిందే కదా, అలాగే రాసుకోండి. మా ఆవిడ వాటికి పొద్దునా సాయంత్రం నీళ్ళు చిలకరిస్తోంది. కానీ వేటనల్లులు గబగబా పెరుగుతున్నాయి, వాటికి తినడానికి ఆకునల్లి అయిపోవస్తోంది. కొత్తది కావాలంటే ఆ గదిలోంచే రావాలి. నేను ఇంకో ట్రే ఎత్తుకురాలేను, బరువు. తొందరగా తేల్చండయ్యా. శుక్రవారం దాకానే తిండి ఉంది వాటికి.